నడుస్తున్న అప్లికేషన్‌లోని మెథడ్‌లను ఇతర ప్రోగ్రాములు పిలవాలంటే డీ-బస్ సరిపోతుందా?

అచ్చుగూడు (ప్రశ్న):

నమస్కారం. పాత డీటీపీ ఫైళ్లలో అను ఫాంట్ల కోసం టైపు చేసిన తెలుగు పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే డెస్క్‌టాప్ అప్లికేషన్ ఒకటి లినక్స్ మీద, విండోల అప్లికేషన్లు రాసే లైబ్రరీ అయిన క్యూటీ 6తో తయారు చేశాను. విండోలో ఎడమపక్క పాత పాఠ్యం, కుడిపక్క మార్చిన పాఠ్యం కనబడతాయి. ప్రోగ్రాముకు అనుమానం కలిగిన మాటల కింద ఎర్రగీత పడుతుంది. వాడేవారు ఆ మాటను సరిదిద్దగానే ఆ సవరణ ఒక పట్టికలో చేరుతుంది, ఆ తరువాత అదే మాట ఎక్కడ ఎదురైనా దానంతట అదే మారిపోతుంది. 'మ' ఉండవలసిన చోట 'వు' పడడం వంటి తేడాలు ఒక్కో డీటీపీ కేంద్రం ఫైళ్లలో ఒక్కో తీరుగా ఉంటాయి కనుక, ఈ అప్లికేషన్‌కు ప్రాణం ఆ సవరణల పట్టికే.

దీన్ని వాడుతున్న ఒక చిన్న ప్రచురణ సంస్థవారు ఇప్పుడు కాపీ-పేస్టు అవసరం లేకుండా లిబ్రేఆఫీస్ మాక్రో నుంచీ, తమ పైథాన్ స్క్రిప్టుల నుంచీ మార్పిడి మెథడ్‌ను (ప్రోగ్రాములో ఆ పని చేసే భాగాన్ని) నేరుగా పిలిచే వీలు కావాలంటున్నారు. లినక్స్‌లో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సందేశాల వ్యవస్థ డీ-బస్ వాడాలా, సొంతంగా ఒక సాకెట్ (రెండు ప్రోగ్రాముల మధ్య నేరు కనెక్షన్) తెరవాలా అన్నది మొదటి సందేహం. ప్రధాన విండో క్లాసులో చాలా స్లాట్లు (బటన్ నొక్కడం వంటివి జరిగినప్పుడు క్యూటీ పిలిచే మెథడ్‌లు) ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే ఒక్క ఫ్లాగుతో బస్ మీద పెట్టే సదుపాయం క్యూటీలో కనిపించింది, అది మంచిదేనా? ప్రయోగాత్మకంగా ఒక మెథడ్‌ను పెట్టి, పుస్తకం మొత్తం ఇచ్చి పిలిస్తే విండో బిగుసుకుపోయింది, పిలిచిన స్క్రిప్టుకేమో జవాబు రాలేదన్న ఎర్రర్ వచ్చింది; కొంతసేపటికి చూస్తే మార్పిడి మాత్రం పూర్తయి ఉంది. చివరగా, ఇలా తలుపు తెరిస్తే భద్రత మాటేమిటి?

పాత_పెంగ్విన్ (జవాబు):

అచ్చుగూడు గారికి, లినక్స్ డెస్క్‌టాప్ మీద మీ పనికి డీ-బస్ సరైన మార్గమే. రెడ్ హ్యాట్‌కు చెందిన హావొక్ పెన్నింగ్టన్ తదితరులు 2002లో మొదలుపెట్టిన ఈ వ్యవస్థకు, 2000లో కేడీఈ డెస్క్‌టాప్ రెండో వెర్షన్‌తో వచ్చిన, ఇలాంటిదే అయిన డీకాప్ చాలావరకు ఒరవడి. 2006లో 1.0 వెలువడింది; 2008లో కేడీఈ 4 వచ్చేసరికి కేడీఈ వారు కూడా డీకాప్‌ను పక్కనపెట్టి దీనికే మారారు. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లు రెండూ ఒకే బస్ మీదికి రావడం వల్ల మీకు కలిగే లాభం ఏమిటంటే, మీ వినియోగదారులు పైథాన్‌లో రాసినా, షెల్‌లో రాసినా మీరు వారికోసం విడిగా లైబ్రరీ ఏదీ రాసి ఇవ్వనక్కరలేదు.

బస్ మీద ఒక మెథడ్‌ను పిలవాలంటే ఏ అప్లికేషన్ అన్నది చెప్పే బస్ పేరు, అందులో ఏ వస్తువు అన్నది చెప్పే ఆబ్జెక్ట్ పాత్, ఏ పనుల సముదాయం అన్నది చెప్పే ఇంటర్‌ఫేస్ పేరు, ఆపైన మెథడ్ పేరు కావాలి. మీ యంత్రంలో వీఎల్‌సీలో ఒక పాట పెట్టి, బస్‌సీటీఎల్ ఉపకరణంతో యూజర్ బస్ జాబితా తెరిచి చూడండి: ఎంప్రిస్ అనే ఉమ్మడి ఇంటర్‌ఫేస్ కింద ప్లే, పాజ్, నెక్స్ట్, ప్రీవియస్ వంటి మెథడ్‌లు కొద్ది మాత్రమే కనిపిస్తాయి. వీఎల్‌సీ లోపల ఉన్న వేలాది ఫంక్షన్లలో బయటివారికి అక్కడ కనబడేవి అంతే. కీబోర్డు మీది ప్లే-పాజ్ మీట వీఎల్‌సీకీ, ఫైర్‌ఫాక్స్‌లో నడిచే వీడియోకూ ఒకేలా పనిచేయడానికి కారణం కూడా ఆ పొదుపే.

అందువల్ల మీ రెండో సందేహానికి నా జవాబు, స్లాట్లన్నిటినీ పెట్టే ఆ ఫ్లాగును ముట్టుకోవద్దు అని. విండో క్లాసులోని స్లాట్లకు మీరు మీ సౌకర్యం కోసం పేర్లు పెట్టుకున్నారు. విండో రూపం మారితే అవీ మారతాయి. కానీ ఆ పేరు బయటివారి మాక్రోలో ఒక్కసారి చేరిందంటే దాన్ని మార్చే స్వేచ్ఛ మీ చేతిలో ఉండదు. దానికి బదులు క్యూటీలోని క్యూడీబస్ ఆబ్‌స్ట్రాక్ట్ అడాప్టర్ క్లాసు నుంచి ఒక పలుచని క్లాసు తీసుకుని, బయటికి కావలసిన మూడు నాలుగు మెథడ్‌లను మాత్రమే అందులో రాయండి. అడాప్టర్‌ను అసలు ఆబ్జెక్ట్‌కు పిల్లగా సృష్టిస్తే చాలు, ఆబ్జెక్ట్‌ను బస్ మీద నమోదు చేసినప్పుడు అడాప్టర్లు వాటంతట అవే బయటికి వస్తాయి, విండో స్లాట్లు రావు. ఇంటర్‌ఫేస్ పేరు చివర 1 అన్న అంకె ఇప్పుడే చేర్చండి. సిస్టమ్‌డీలోని లాగిన్1, డిస్కుల కోసం వాడే యూడిస్క్స్2 అన్న పేర్లలోని అంకెలు అందుకే ఉన్నాయి: పాత ఒప్పందాన్ని చెరపకుండా పక్కనే 2 అన్న కొత్త ఇంటర్‌ఫేస్ పెట్టుకోవచ్చు. పేర్లలో ఇంకొక చిన్న చిక్కు ఉంది. ఇంటర్‌ఫేస్ పేరులో గానీ, ఆబ్జెక్ట్ పాత్‌లో గానీ హైఫన్ చెల్లదు కనుక మీ డొమైన్ పేరులో హైఫన్ ఉంటే అండర్‌స్కోర్‌గా మార్చుకోవాలి.

నమోదు చేసే వరుస కూడా ముఖ్యమే. ముందు ఆబ్జెక్ట్‌లన్నిటినీ నమోదు చేసి, ఆ తరువాతే బస్ పేరును అడగాలి. పిలుపు రాగానే అప్లికేషన్‌ను బస్సే మేలుకొలిపే ఏర్పాటు ఉన్నప్పుడు, పేరు మీ చేతికి వచ్చేదాకా సందేశాలను బస్ తన దగ్గర ఆపి ఉంచుతుంది. పేరు రావడంతోనే వాటిని మీ మీదికి వదులుతుంది. ఆ క్షణానికి ఆబ్జెక్ట్ లేకపోతే మొదటి పిలుపుకు అలాంటి ఆబ్జెక్ట్ లేదన్న ఎర్రర్ పోతుంది, రెండో పిలుపు నుంచి అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఇలాంటి తప్పును పట్టుకోవడం చాలా కష్టం.

ఇక విండో బిగుసుకుపోవడం గురించి. డీ-బస్ నుంచి వచ్చిన పిలుపు మీ ఆబ్జెక్ట్ ఏ థ్రెడ్‌లో (ప్రోగ్రాములో ఒకదాని తరువాత ఒకటిగా నడిచే పనుల వరుసలో) ఉందో ఆ థ్రెడ్‌లోనే, అంటే మీ విషయంలో విండోను గీసే థ్రెడ్‌లోనే నడుస్తుంది. పిలిచినవారు విడిగా గడువు చెప్పకపోతే చాలా లైబ్రరీలు 25 సెకన్లు మాత్రమే ఎదురుచూసి, జవాబు రాలేదని ఎర్రర్ ఇస్తాయి. ఆ ఎర్రర్ పిలిచినవారి పక్కన పుట్టినదే. మీ పక్కన పని ఆగదు. మీరు చూసినది సరిగ్గా ఇదే. ఒక పేరాను మార్చే మెథడ్ అయితే మార్పిడిని వేరే థ్రెడ్‌కు పంపి, జవాబు ఆలస్యంగా వస్తుందని క్యూటీకి సెట్‌డిలేయ్డ్‌రిప్లై ద్వారా చెప్పి, పని పూర్తయ్యాక జవాబు పంపితే సరిపోతుంది. పుస్తకం మొత్తానికి మాత్రం మెథడ్ వెంటనే తిరిగి రావాలి: ఆ పనికోసమే పుట్టిన ఒక కొత్త ఆబ్జెక్ట్ పాత్‌ను జవాబుగా ఇచ్చి, పురోగతినీ ముగింపునూ ఆ ఆబ్జెక్ట్ నుంచి సిగ్నళ్లుగా (వినేవారికి అడగకుండానే వెళ్లే సందేశాలుగా) పంపండి, రద్దు చేసే మెథడ్ కూడా దాని మీదే ఉంచండి.

ఇక్కడ ఒక పరుగుపందెం పొంచి ఉంది. చిన్న ఫైలు ఇచ్చినప్పుడు, పిలిచినవారు ఆ పాత్‌ను అందుకుని సిగ్నల్ కోసం చెవి ఒగ్గేలోపే మీ పని పూర్తయి ముగింపు సిగ్నల్ వెళ్లిపోవచ్చు. వారు రాని సిగ్నల్ కోసం కూర్చుంటారు. ఫ్లాట్‌పాక్ అప్లికేషన్ల (మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసి నడిపే అప్లికేషన్ల) కోసం ఉన్న ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్‌లో దీన్ని ఎలా తప్పించారో చూడండి: పిలిచేవారే ఒక గుర్తును పంపుతారు, ఆ గుర్తుతో పాత్ ఏమవుతుందో ముందే లెక్కకట్టి, సిగ్నల్‌కు ముందుగా చందా కట్టి, ఆ తరువాతే మెథడ్‌ను పిలుస్తారు. మీకు అంత అక్కరలేదనుకుంటే, పనిని సృష్టించే మెథడ్ ఒకటి, ప్రారంభించే మెథడ్ ఒకటి వేరువేరుగా పెట్టినా చాలు. పిలిచిన ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే బస్ ఆ సంగతిని నేమ్‌ఓనర్‌చేంజ్డ్ అనే సిగ్నల్‌తో చెబుతుంది. దాన్ని గమనించి, దిక్కులేని పనులను ఆపేయండి.

సాకెట్‌రాయుడు (జవాబు):

పై జవాబులో సాంకేతికంగా తప్పేమీ లేదు గానీ, అసలు ఈ పనికి ఐపీసీ (నడుస్తున్న ప్రోగ్రాముల మధ్య సంభాషణ) ఎందుకన్న ప్రశ్న ముందు వేసుకోవాలని నా అభిప్రాయం. పాత పాఠ్యం ఇస్తే కొత్త పాఠ్యం రావడమే కావలసిందైతే, మార్పిడి ఇంజన్‌ను విండో నుంచి విడదీసి ఒక లైబ్రరీగా, దానిమీద ఒక కమాండ్‌లైన్ ప్రోగ్రాముగా చేయండి. పైథాన్ స్క్రిప్టు దాన్ని పైపు ద్వారా నడుపుకుంటుంది. బస్ లేదు, గడువు లేదు, బిగుసుకుపోయే విండో లేదు. నడుస్తున్న ప్రాసెస్‌లో మాత్రమే ఉండే స్థితి ఏదైనా బయటివారికి కావలసినప్పుడే, ఉదాహరణకు ఇప్పుడు తెరిచి ఉన్న పత్రం, ఎంపిక చేసిన భాగం, ఇంకా డిస్కు మీదికి చేరని సవరణలు వంటివి కావలసినప్పుడే, ఐపీసీ తెచ్చే తలనొప్పికి ప్రతిఫలం దక్కుతుంది.

ఇంకొకటి కూడా గమనించాలి. సెషన్ బస్ అనేది వినియోగదారు లాగిన్ అయి ఉన్నంతవరకే ఉంటుంది. ప్రచురణ సంస్థవారు రాత్రివేళ, నిర్ణీత సమయానికి పనులను నడిపే క్రాన్ ద్వారా స్క్రిప్టును నడపాలనుకుంటే, అప్పటికి ఎవరూ లాగిన్ అయి ఉండకపోవచ్చు. లాగిన్ అయి ఉన్నా బస్ చిరునామా చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ క్రాన్‌కు అందదు. అప్పుడు కమాండ్‌లైన్ ప్రోగ్రామే దిక్కు.

సొంత సాకెట్ అంటారా, క్యూటీలోని క్యూలోకల్‌సర్వర్ మంచిదే. అది లినక్స్‌లో యూనిక్స్ డొమైన్ సాకెట్‌గానూ, విండోస్‌లో నేమ్డ్ పైప్‌గానూ పనిచేస్తుంది కనుక రెండుచోట్లా ఒకే కోడు నడుస్తుంది. కానీ సాకెట్ మీద బైట్లు ప్రవాహంగా వస్తాయి, సందేశం ఎక్కడ ముగిసిందో అది చెప్పదు. ప్రతి సందేశానికి ముందు పొడవు రాయడం, జేసన్-ఆర్‌పీసీ వంటి ఒక పద్ధతిని పాటించడం, ఎర్రర్లకు ఒక క్రమం పెట్టడం అన్నీ మీ నెత్తిన పడతాయి. డీ-బస్ వద్దనుకునేవారు చివరికి డీ-బస్‌లో సగాన్ని తామే మళ్లీ రాసుకోవడం తరచుగా కనిపించే సంగతే. ఏది చేసినా లోకల్‌హోస్ట్ మీద టీసీపీ పోర్టు మాత్రం తెరవకండి: ఆ యంత్రంలోని ఇతర వినియోగదారులు దానికి కనెక్ట్ కాగలరు, బ్రౌజర్‌లో తెరిచిన ఏదో వెబ్ పేజీ కూడా దాని మీదికి అభ్యర్థనలు పంపగలదు.

అచ్చుగూడు:

ఇద్దరికీ ధన్యవాదాలు. సాకెట్‌రాయుడు గారు అడిగినది న్యాయమైన ప్రశ్న. స్క్రిప్టుల వరకు కమాండ్‌లైన్ ప్రోగ్రాము చాలు, ఇంజన్‌ను విడదీసే పని మొదలుపెడుతున్నాను. మాక్రో సంగతి మాత్రం వేరు. ప్రూఫ్ చూసేవారు నా విండోను ఒకపక్క తెరిచి ఉంచి మాటలను సరిదిద్దుతూ ఉంటారు, అదే సమయంలో లిబ్రేఆఫీస్‌లో తరువాతి అధ్యాయాన్ని మారుస్తారు. ఒక నిమిషం క్రితం చేసిన సవరణ ఆ మార్పిడిలో కనబడాలి. అందుచేత మాక్రో కోసం డీ-బస్ ఉంటుంది. అనుమానాస్పదమైన మాటల స్థానాలను కూడా మెథడ్ జవాబులో పంపాలనుకుంటున్నాను.

బైట్లలెక్క (జవాబు):

స్థానాలు పంపుతానన్నారు కనుక రెండు విషయాలు చెప్పాలి. తెలుగుతో పనిచేసేవారు కాకపోతే వీటిని ఎవరూ గుర్తుచేయరు.

డీ-బస్‌లో స్ట్రింగ్ అంటే కచ్చితంగా చెల్లుబాటయ్యే యూటీఎఫ్-8 పాఠ్యం. అను ఫాంట్ల పాఠ్యం నిజానికి తెలుగే కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే సంకేతాల గదుల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చినది. పాత ఫైలు నుంచి చదివిన ఆ బైట్లను ఉన్నవి ఉన్నట్టు స్ట్రింగుగా పంపాలని చూస్తే అది చెల్లని సందేశం అవుతుంది. అలాంటి సందేశం పంపినవారి కనెక్షన్‌నే బస్ తెంపేస్తుంది. మధ్యలో ఏదో ఒక ఎన్‌కోడింగ్ అనుకుని మార్చి పంపితే కొన్ని ముక్కలు మారిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి మీ మెథడ్‌కు లోపలికి వచ్చేది బైట్ల వరుసగా ఉండాలి, బయటికి పోయేది మాత్రమే స్ట్రింగుగా ఉండాలి. క్యూటీలో క్యూబైట్‌అర్రే వాడితే ఆ రకమే బస్ మీదికి వస్తుంది. లిబ్రేఆఫీస్ నుంచి వచ్చేటప్పుడు పాఠ్యం అప్పటికే యూనికోడ్ సంకేతాలుగా మారి ఉంటుంది కనుక, వాటిని మళ్లీ బైట్లుగా ఎలా మార్చాలో మాక్రో రాసేవారికి డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా చెప్పండి.

రెండోది స్థానాల కొలత. 'క్షేత్రం' అన్న మాటను తీసుకోండి. చదివేవారికి అది రెండక్షరాలు. యూనికోడ్‌లో క, విరామం, ష, ఏత్వం, త, విరామం, ర, సున్న అని 8 సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదీ 3 బైట్లు కనుక 24 బైట్లు. మీ క్యూస్ట్రింగ్ 8 అంటుంది, పైథాన్ 8 అంటుంది, సీ భాషలో గ్లిబ్ వాడేవారి స్ట్రింగు పొడవు 24 అంటుంది. మీరు పంపిన అంకె దేన్ని లెక్కించినదో రాయకపోతే, ఎర్రగీత పడవలసిన మాట ఒకటి, పడే మాట మరొకటి అవుతుంది. పైగా క్యూస్ట్రింగ్, పైథాన్ లెక్కలు తెలుగు వరకు కలుస్తాయి గానీ, పాఠ్యంలో ఒక్క ఎమోజీ వచ్చినా విడిపోతాయి, ఎందుకంటే క్యూటీ లెక్కించేది యూటీఎఫ్-16 ముక్కలను. ఎడిటర్ల కోసం ఉన్న లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌లో కూడా ఇదే తగాదా చాలాకాలం నడిచింది. స్థానాలను యూనికోడ్ సంకేతాలలోనే లెక్కిస్తామని ఇంటర్‌ఫేస్ వివరణలో ఒక వాక్యం రాసి, క్యూటీ పక్కన ఆ మార్పిడి మీరే చేసుకోండి.

సందేశం పరిమాణం గురించి కంగారు అక్కరలేదు. ఐదు లక్షల సంకేతాలున్న పుస్తకమైనా పదిహేను లక్షల బైట్లే. డీ-బస్ ఒక సందేశానికి విధించిన పరిమితి 128 మెబీబైట్లు.

కిటికీపక్క (జవాబు):

విండోస్ వైపు వస్తారేమోనని చెబుతున్నాను. అక్కడ డీ-బస్‌తో తంటాలు పడడం కంటే, ఒక ప్రోగ్రాము మరొకదాన్ని నడిపించేందుకు 1990ల నుంచీ ఉన్న కామ్ ఆటోమేషన్‌నే వాడడం మేలు. వీబీఏ (మైక్రోసాఫ్ట్ ఆఫీస్ మాక్రోల భాష) రాసేవారికి క్రియేట్‌ఆబ్జెక్ట్ ఒక్కటి తెలిస్తే చాలు, మీ అప్లికేషన్ రిజిస్ట్రీలో నమోదై ఉంటే మేలుకుంటుంది. ఇప్పటికే నడుస్తున్న అప్లికేషన్‌ను పట్టుకోవడానికి గెట్‌ఆబ్జెక్ట్ ఉంది. కానీ రెండింటిలో ఒకటి అడ్మినిస్ట్రేటర్ హోదాలోనూ మరొకటి మామూలుగానూ నడుస్తుంటే అది దొరకదు.

ఎక్సెల్ నుంచి మీరు నేర్చుకోదగ్గ విషయం ఒకటుంది. ఎక్సెల్‌లో ఎవరైనా ఒక గడిలో టైపు చేస్తూ మధ్యలో ఉన్నప్పుడు బయటి ప్రోగ్రాము పిలిస్తే, ఎక్సెల్ ఆ పిలుపును తిరస్కరిస్తుంది. పిలిచినవారు కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. మీ క్యూటీ అప్లికేషన్‌లో ఆ రక్షణ దానంతట అది రాదు. సవరణల పట్టికను మార్చే డైలాగ్ తెరిచి ఉన్నా ఈవెంట్ లూప్ (వచ్చే సంఘటనలను అందుకునే చక్రం) నడుస్తూనే ఉంటుంది కనుక డీ-బస్ పిలుపులు లోపలికి వస్తూనే ఉంటాయి. ప్రూఫ్ చూసేవారు పట్టికలో సగం మార్చిన స్థితిలో మాక్రో పిలుపు వస్తే ఏ పట్టికతో మార్చాలో ముందే తేల్చుకోండి.

అచ్చుగూడు:

కిటికీపక్క గారు చెప్పిన పరిస్థితి నిజంగానే వస్తుంది. డైలాగ్‌లో 'సరే' నొక్కేవరకు పాత పట్టిక నకలుతోనే మార్చాలని నిర్ణయించాను. తిరస్కరిస్తే మాక్రో రాసేవారికి మళ్లీ మళ్లీ ప్రయత్నించే బాధ మిగులుతుంది. ఇప్పటికి ఇంటర్‌ఫేస్‌లో నాలుగు మెథడ్‌లు ఉన్నాయి: బైట్లు తీసుకుని పాఠ్యాన్నీ అనుమానాస్పద స్థానాలనూ ఇచ్చేది, ఫైలు పనిని సృష్టించేది, సవరణను చేర్చేది, ఫాంటు వెర్షన్ల జాబితా ఇచ్చేది. భద్రత సంగతి ఒక్కటే ఇంకా తేలలేదు. ఫైలు పనికి ఫైలు పాత్‌ను స్ట్రింగుగా తీసుకుంటున్నాను, ఫరవాలేదా?

పాత_పెంగ్విన్ (జవాబు):

పాత్ తీసుకోవద్దు. సెషన్ బస్ మీద అదే వినియోగదారు నడిపే ఏ ప్రోగ్రామైనా మిమ్మల్ని పిలవగలదు. మామూలు ప్రోగ్రాములైతే ఆ ఫైలును ఎలాగూ తామే చదువుకోగలవు కనుక కొత్త ప్రమాదం లేదు. ఫ్లాట్‌పాక్ లోపల బంధించి ఉన్న ప్రోగ్రాముకు మీ పేరుతో మాట్లాడే అనుమతి ఉన్నప్పుడే చిక్కు. తనకు అందని ఫైలు పాత్‌ను మీకిచ్చి, మీరు చదివి మార్చిన పాఠ్యాన్ని జవాబుగా అందుకుని, గోడ దాటినంత పని చేస్తుంది. దీనికి విరుగుడు డీ-బస్‌లోనే ఉంది: పిలిచేవారు ఫైలును తామే తెరిచి, ఆ ఫైల్ డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలును సూచించే అంకెను) సందేశంతో పాటు పంపవచ్చు, క్యూటీలో దానికి క్యూడీబస్ యూనిక్స్ ఫైల్ డిస్క్రిప్టర్ అనే రకం ఉంది. వారు తెరవగలిగిన ఫైలే మీకు వస్తుంది. లినక్స్‌లో ఫైలు పేర్లు యూటీఎఫ్-8లోనే ఉండాలన్న నియమం లేదు కనుక, పాత సీడీల నుంచి కాపీ చేసిన ఫైళ్ల పేర్లు స్ట్రింగులో ఇమడని బెడద కూడా దీంతో తప్పుతుంది.

సవరణను చేర్చే మెథడ్ గురించి కూడా ఆలోచించండి. పట్టికను శాశ్వతంగా మార్చే మెథడ్ అదొక్కటే. బయటి నుంచి వచ్చిన సవరణలను వేరే రంగులో చూపి, ప్రూఫ్ చూసేవారు ఆమోదించాకే పట్టికలో కలిపితే బాగుంటుంది. సెషన్ బస్ మీద నడిచే సందేశాలను అదే వినియోగదారు డీబస్-మానిటర్‌తో చూడగలరు. మీ అప్లికేషన్‌లో రహస్యాలేవీ లేవు కనుక అది ఇబ్బంది కాదు, పైగా మాక్రో రాసేవారికి ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కోవడానికి పనికొస్తుంది.

చివరగా, మాక్రో పిలిచినప్పుడు అప్లికేషన్ నడవకపోతే బస్సే దాన్ని ప్రారంభించేలా సర్వీస్ ఫైలు పెట్టదలచుకుంటే, అందులోని ఎగ్జెక్ వరుసలో విండో తెరవకుండా మొదలుపెట్టే ఆప్షన్ ఒకటి ఇవ్వండి. వారు లిబ్రేఆఫీస్‌లో టైపు చేస్తుండగా మీ విండో హఠాత్తుగా ముందుకు దూకితే, టైపు చేస్తున్న సగం వాక్యం మీ ఎడమపక్క పెట్టెలోకి పోతుంది.